కుప్పం పేర్లు

ఆ సర్క్యులర్‌లో ఉన్నవి నాలుగే వాక్యాలు. 2002 జూన్ ఒకటి నుంచి గ్రామీణ విశ్వవిద్యాలయంలో దినకూలీ సిబ్బంది ఉండరు. వాళ్లు చేసే పనులన్నీ ఒక ప్రైవేటు ఏజెన్సీ చూసుకుంటుంది. ఇప్పుడున్నవాళ్లు కావాలంటే ఆ ఏజెన్సీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీని గురించి ఎవరూ ఆఫీసుకు వచ్చి అడగనక్కర్లేదు.

మునీశ్వరి నోటీసు బోర్డు ముందు నిలబడి మూడుసార్లు చదివింది. ఆమె విత్తనాల ల్యాబులో అటెండరు. రాగి, వేరుశనగ విత్తనాలను తడిగుడ్డల మధ్య పరిచి, ఎన్ని మొలకెత్తాయో చూసి రాయడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే చేస్తోంది. చేరినప్పుడు దినకూలీ, ఇప్పుడూ దినకూలీయే. కొత్తగా వచ్చిన సార్లకు కూడా విత్తనం ఎంత తడపాలో ఆమే చూపిస్తుంది.

ఆ రోజు సాయంత్రం మదనపల్లె నుంచి వచ్చే పుంగనూరు బస్సెక్కింది కానీ సీటు దొరికినా కూర్చోలేకపోయింది. ఊరింకా రెండు కిలోమీటర్లుందనగా దిగి నడిచింది. ఇంట్లో మొగుడు మునెయ్య పాలకేంద్రం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఏమట్ల ఉండావు?" అన్నాడు.

చెప్పింది. మునెయ్య చెంబు కింద పెట్టాడు.

"సంఘమోళ్లు ఏమంటాండారు?"

"నేనే కదా సంఘము. నేనూ సిద్దప్పన్నా."

సిద్దప్ప లైబ్రరీలో అసిస్టెంటు, బోధనేతర ఉద్యోగుల సంఘానికి కార్యదర్శి. ఆయనది పర్మనెంటు ఉద్యోగం. ఈ సర్క్యులర్‌తో ఆయనకు పోయేదేమీ లేదు. అయినా మర్నాడు పొద్దున గేటు ఎదురుగా శామియానా వేయించింది ఆయనే. సన్నగా, పొడుగ్గా ఉండి, ఒకచోట నిలవని మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూనే చొక్కా జేబులోంచి కరపత్రాలు తీసి దారిన పోయేవాళ్ల చేతుల్లో పెట్టేవాడు. సంయుక్త కార్యదర్శిగా మునీశ్వరిని పట్టుబట్టి నిలబెట్టింది కూడా ఆయనే. అప్పటిదాకా దినకూలీలు సంఘానికి చందా కట్టేవాళ్లే గానీ కమిటీలో కూర్చున్నవాళ్లు లేరు.

రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. రోజుకు అయిదుగురు పూలదండలు వేసుకుని కూర్చుంటే తక్కినవాళ్లు డ్యూటీకి పోయి వచ్చేవాళ్లు. మైకు కట్టిన ఆటోలో మునీశ్వరి మదనపల్లె బస్టాండుకు పోయింది, టమోటా మార్కెట్టుకు పోయింది. మొదటిరోజు మైకు పట్టుకుని కరపత్రంలో ఉన్నది చదివి దించేసింది. మూడో రోజుకు, లారీలకు టమోటా బాక్సులు ఎత్తే హమాలీలు పని ఆపి వినేంతగా మాట్లాడింది. స్టూడెంట్లు పదహారు వందల సంతకాలు చేశారు. ఎమ్మార్వోకు వినతిపత్రం ఇచ్చారు, కలెక్టరుకు ఇచ్చారు. అందరూ తీసుకున్నారు. ఎవరూ ఏమీ చెప్పలేదు.

రోజులు గడిచేకొద్దీ ఆమెకు ఏ పనీ చేతికి రాకుండా పోయింది. ల్యాబులో గుడ్డ తడపడం మరిచిపోయి ఒక ట్రే మొత్తం ఎండబెట్టింది. అన్నం పెట్టుకున్న కంచం పక్కన పెట్టి వాకిట్లోకి పోయి నిలబడేది. కూతురు దీప ఆ ఏడు ఇంటరు పరీక్షలు రాసింది. "కూర్చోమ్మా, నిన్ను సూస్తాంటే నాకూ కాళ్లు నిలవడంలే" అనేది.

మే మొదటివారంలో రిజిస్ట్రారు సిద్దప్పనూ మునీశ్వరినీ పిలిపించాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఇద్దరికీ కుర్చీలు చూపించి, మజ్జిగ తెప్పించాడు.

"చూడండి సిద్దప్ప గారూ, మొత్తం యాభై తొమ్మిది మంది. ఇక్కడ ముప్ఫై ఎనిమిది మంది, కుప్పంలో ఇరవై ఒక్కరు. కుప్పం కేంద్రాన్ని ఎలాగూ మూసేస్తున్నాం, అది మా చేతుల్లో లేదు. దాని గురించి మీ సంఘం పట్టుబట్టకుండా ఉంటే, ఇక్కడి ముప్ఫై ఎనిమిది మందినీ ఏజెన్సీకి ఇవ్వకుండా కాంట్రాక్టు మీద ఉంచడానికి నేను ఒప్పించగలను. టెంటు తీసేయాలి. అంతే."

"రాసిస్తారా సార్?" అని అడిగింది మునీశ్వరి.

"ఇస్తామమ్మా. ముందు మీవాళ్లను అడిగి రండి."

బయటికొచ్చాక సిద్దప్ప ముందు నడిచాడు. సైకిల్ స్టాండు దగ్గర ఆగి, "అందురినీ మునగనిచ్చేదానికంటే కొందురినన్నా గట్టుకెక్కించుకోవల్ల. నాకు తోస్తాండేది అదే. నువ్వేమంటావు?" అన్నాడు.

 కుప్పం అంటే మునీశ్వరికి ఊరి పేరు మాత్రమే కాదు. విశ్వవిద్యాలయం మొదలైంది అక్కడే, 1991లో, మార్కెట్ యార్డు పక్కన అద్దె గోడౌనులో. వెంకటగిరికోట దగ్గర పల్లె నుంచి వచ్చి ఆమె పనిలో చేరింది కూడా అక్కడే. నాలుగేళ్లు అక్కడ పని చేశాక, మదనపల్లె రోడ్డులో క్యాంపస్ కట్టినప్పుడు కొందరితో పాటు ఇక్కడికి వచ్చింది. రానివాళ్లు కుప్పంలోనే ఉండిపోయారు. అక్కడ స్వీపరు రమణమ్మతో ఒకే గదిలో ఉండేది మునీశ్వరి. దీప తర్వాత రెండోసారి వచ్చిన కడుపు పోయినప్పుడు రమణమ్మే పదిరోజులు చూసుకుంది. రెండేళ్ల కిందట సంఘంలో చేరమని కుప్పం వాళ్లను అడగడానికి పోయింది కూడా మునీశ్వరే. "మీకేమన్నా అయితే మేముండాము" అని ఆ రోజు చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం శామియానా కింద కమిటీ కూర్చుంది. తొమ్మిదిమంది. సిద్దప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నాడు.

ముందు ఇద్దరు ఎత్తారు. తర్వాత మరో అయిదుగురు. మునీశ్వరి తలకాయ దించుకుని గడ్డి వైపు చూస్తూ కూర్చుంది. దీపను డిగ్రీలో చేర్చాల్సిన ఏడు ఇది. మునెయ్య పనిచేసే పాలకేంద్రం ఉంటుందో పోతుందో తెలియదు. పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచింది. మునీశ్వరి చెయ్యి ఎత్తింది. భుజం దాకా ఎత్తి, ఎవరైనా చూశారో లేదో అన్నట్టు వెంటనే దించేసుకుంది. కానీ లెక్కలోకి వచ్చింది. ఎనిమిది చేతులు.

టెంటు తీసేశారు. రాతపూర్వకంగా ఇస్తానన్న కాగితం మాత్రం రాలేదు. ఈరోజు వీసీ ఊళ్లో లేరన్నారు, రేపు ఫైలు ఫైనాన్సుకు పోయిందన్నారు. వారం గడిచింది. సిద్దప్ప రోజుకు రెండుసార్లు రిజిస్ట్రారు ఆఫీసు ముందు నిలబడి వచ్చేవాడు. "ఆయన మాట ఇచ్చినాడు" అని తనకు తానే చెప్పుకున్నట్టు అనేవాడు.

ఇట్లా కాదని మునీశ్వరి మదనపల్లె కోర్టు దగ్గరున్న లాయరు వెంకటేశులు దగ్గరికి పోయింది. ఆయన కార్మికుల కేసులే ఎక్కువగా చూస్తాడు. హైదరాబాదులో హైకోర్టుకు పోవడానికి ఆయనకు తెలిసిన సీనియరు ఉన్నాడు.

"కోర్టుకు పోతే స్టే వస్తాది. నాకు నమ్మకముండాది" అన్నాడు వెంకటేశులు. "అయితే మీరు ఏండ్ల తరబడి వరసగా పనిచేసినట్టు కాగితం సూపియ్యల్ల. మీరంతా అప్పుడప్పుడు వచ్చి పోయినోళ్లని వాళ్లు రాస్తారు. హాజరు రిజిస్టర్లు ఉండాయా?"

"క్యాంపస్ మారినప్పుడు పాతవన్నీ పోయినాయంట సార్. అడిగితే లేవన్నారు."

"అవి లేకుంటే కష్టమమ్మా."

ఆమె మెట్లు దిగుతుండగా పాపన్న గుర్తొచ్చాడు. కుప్పం కేంద్రంలో వాచ్‌మన్. దేన్నీ పారేయనివ్వడని అందరూ ఆయన మీద నవ్వేవాళ్లు. ఏళ్ల కిందట ఎప్పుడో రమణమ్మ మాటల్లో అన్నది: పాత కాగితాలు తూకానికి అమ్మేస్తుంటే ముసలాయన ఒక గోతం నిండా లోపల పెట్టేసుకున్నాడని.

సిద్దప్పకు చెప్పింది. ఆయన కళ్లు మెరిశాయి. అంతలోనే మొహం ముడుచుకుంది.

"పో. పోయి తీసుకొనిరా. రిజిస్ట్రారు ఎగ్గొడితే మనకి అదొక్కటే దారి. కానీ మొన్న కమిటీలో అయింది ఆడ సెప్పొద్దు."

"అడిగితే?"

"వాళ్లకి తెలీదు కదా, యాల అడుగుతారు? తెచ్చినాక సూసుకుందాము."

మర్నాడు పొద్దున ఆరున్నరకు మునీశ్వరి పుంగనూరులో పలమనేరు బస్సెక్కింది. పలమనేరులో మారింది. వెంకటగిరికోట వస్తే పుట్టింటి ఊరు గుర్తొచ్చి మామూలుగా కిటికీలోంచి తొంగిచూసేది. ఆ రోజు చూడలేదు. శాంతిపురం దాటాక మొదలైంది: ఏం చెప్పాలో మనసులో అనుకోవడం, మళ్లీ దాన్ని మార్చుకోవడం. మునగడం, గట్టుకెక్కడం అని సిద్దప్ప అన్న మాటలు బస్సులో కూర్చుని వింటే వేరేగా వినిపించాయి.

కుప్పం కేంద్రం ఇప్పటికీ ఆ పాత గోడౌనులోనే ఉంది. ముందు రెండు గదులు కట్టారు, అంతే. పాపన్న గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అరవై దగ్గరపడిన మనిషి. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"మునీశ్వరి కదా. ఎన్నాళ్లకొస్తివమ్మా. రమణమ్మా, ఎవురొచ్చినారో సూడు."

రమణమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చిక్కిపోయింది. తమ్ముడు కోలారు గనుల్లో పనిచేసేవాడు. కిందటేడు గనులు మూసేశాక వాడూ, వాడి పెళ్లాం, ఇద్దరు పిల్లలూ ఈమె ఇంటికే వచ్చి చేరారట. "నా పనొక్కటే ఇంటికి ఆధారము ఇప్పుడు. మీరు టెంటేసుకోని కూర్చుంటాండారని పేపర్లో సూసినాము. ఇరవై ఒక్కరమూ వస్తామని సిద్దప్పకి కబురు పెడితిమి. అవసరముంటే పిలుస్తామన్నాడు" అంది.

మునీశ్వరికి ఆ కబురు సంగతి తెలియదు. సిద్దప్ప చెప్పలేదు.

టీ తెప్పించారు. తాగుతూనే ఆమె రిజిస్టర్ల సంగతి అడిగింది. కోర్టుకు కావాలని చెప్పింది. పాపన్న ఇంకో మాట అడగలేదు. జనరేటరు గదిలోకి పోయి, తల మీద గోనెసంచి పెట్టుకుని వచ్చాడు. విప్పితే లోపల ప్లాస్టిక్ కవరు, దాంట్లో మళ్లీ గుడ్డ. ఎలుకలు కొట్టకుండా వేపాకు వేసి ఉంచాడు. తొంభై ఒకటి నుంచి తొంభై అయిదు దాకా నాలుగు రిజిస్టర్లు, ఆ తర్వాతి కుప్పం రిజిస్టర్లు ఏడు.

"తూకానికి ఏసేస్తాంటే నాకు పానము ఒప్పలేదు" అన్నాడు పాపన్న. మొదటి రిజిస్టరు తెరిచి చూపించాడు. "ఇదో, ఈ ఏలిముద్ర నాది. ఆరు నెల్లు ఏలిముద్రే. ఈడ సూడు. జులై నెల. ఇది నా సంతకము. నేను సంతకము నేర్చుకునింది ఈ బుక్కులోనే. నీదీ ఉండాది సూడు, నా కిందనే."

ఉంది. గుండ్రని అక్షరాలతో మునీశ్వరి అని. దాని కింద రమణమ్మ పేరు, పక్కకు ఒరిగి. ఆ కింద మదనపల్లెకు పోయినవాళ్లవీ, కుప్పంలో మిగిలినవాళ్లవీ కలిసిపోయి ఉన్నాయి. ఎవరు ఎక్కడికి పోతారో అప్పుడు ఎవరికీ తెలియదు కదా.

"తీసుకో. అన్నీ తీసుకో" అన్నాడు పాపన్న. సంచి ఆమె వైపు జరిపాడు.

ఆమె సంచి మీద చెయ్యి వేసింది. లేవబోయింది. మళ్లీ కూర్చుంది.

"మామా, నేను ఒకటి సెప్పల్ల."

చెప్పింది. రిజిస్ట్రారు పిలవడం, ఆయన అన్న మాట, కమిటీ కూర్చోవడం, ఎనిమిది చేతులు లేవడం. చెబుతున్నంతసేపూ టీ గ్లాసు వైపే చూసింది. రమణమ్మ మధ్యలో లేచి నిలబడింది. పాపన్న కదల్లేదు.

"అంటే మమ్మల్ని ఇడిసిపెట్టేసినారు" అన్నాడు చివరికి.

"అవును."

"నువ్వు సెయ్యెత్తినావా?"

"ఎత్తినా మామా."

రమణమ్మ వంగి, మునీశ్వరి చేతి కింద నుంచి సంచి లాగేసుకుంది.  సంచి చంకన పెట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి చీపురు చప్పుడు వినిపించింది. ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడుస్తోంది.

మునీశ్వరికి లేచి పోవాలనిపించింది. అయినా కూర్చుంది. పాపన్న బీడీ వెలిగించి సగం తాగి ఆర్పేశాడు. "ఈ మాట సెప్పకుండా తీసుకొని పోయింటే నాకు తెలిసేది కాదు కదా" అన్నాడు.

"తెలిసేది కాదు."

"మరి యాల సెప్పినావు?"

"నాకు తెలీదు మామా. సంచి ఎత్తలేకపోయినా."

పాపన్న లోపలికి పోయాడు. రమణమ్మతో ఏదో మాట్లాడాడు, ఆమె గొంతు పెంచింది, ఆయన పెంచలేదు. చాలాసేపటికి ఉతికిన చొక్కా వేసుకుని, సంచి భుజాన పెట్టుకుని బయటికి వచ్చాడు.

"నీ చేతికియ్యను. నేనే వస్తా. మీ టెంటు తావుకి నేనే తెచ్చి, నా చేత్తో లాయరుకిస్తా. మా పేర్లు రాసినాకనే ఇస్తా. పా."

మూడున్నర గంటల ప్రయాణం. సంచి ఒళ్లో పెట్టుకుని ఆయన కిటికీ పక్క కూర్చున్నాడు. గంగవరం దగ్గర వాన పడింది. కిటికీ మూసి, తువ్వాలు తీసి సంచి మీద కప్పాడు. పుంగనూరులో దిగేదాకా ఇద్దరూ మాట్లాడుకున్నది రెండు ముక్కలే: ఆకలిగా ఉందా అని ఆమె అడగడం, లేదని ఆయన చెప్పడం. ఆ సాయంత్రం ఆమె ఇంట్లోనే భోంచేశాడు, మునెయ్యతో ఆవుల గురించి మాట్లాడాడు.

మర్నాడు పొద్దున గేటు ఎదురుగా, శామియానా లేని చోట, ముప్ఫై మంది దాకా చేరారు. సిద్దప్ప పాపన్నను చూసి మునీశ్వరిని పక్కకు పిలిచాడు. ఆయన మొహం ఎర్రబడింది.

"సెప్పేసినావు కదా."

"సెప్పినా అన్నా."

"నేనేం నా కోసము సేస్తాండానా? నా ఉద్యోగం యాడికీ పోదు. ముప్ఫై ఎనిమిది ఇండ్లు నిలబెట్టల్లని సూస్తాండా. రిజిస్ట్రారుకి ఈ సంగతి తెలిస్తే ఇచ్చిన మాట కూడా ఎనక్కి తీసుకుంటాడు. అప్పుడు వీళ్లందురికీ నువ్వు సమాధానము సెప్తావా?"

"వాళ్లు వస్తామని కబురు పెట్టింది నాకు యాల సెప్పలేదు?"

 సిద్దప్ప చొక్కా జేబు తడుముకున్నాడు. అందులో కరపత్రాలు లేవు.

అంతలో పాపన్న కింద కూర్చుని మొదటి రిజిస్టరు తెరిచాడు. ఎవరూ అడగకుండానే పేర్లు చదవడం మొదలుపెట్టాడు. నిదానంగా, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. మొదట్లో కొందరు నవ్వారు. తన పేరు వచ్చినప్పుడు ఒకామె "ఆఁ" అంది, హాజరు పలికినట్టు. తర్వాత ఎవరి పేరు వస్తే వాళ్లు పలికారు. కుప్పం వాళ్ల పేర్లు వచ్చినప్పుడు పలికేవాళ్లు లేరు. పాపన్న ప్రతి పేరు దగ్గరా కాసేపు ఆగి తర్వాతి పేరుకు పోయాడు.

రిజిస్టర్లు చూసి లాయరు వెంకటేశులు చెప్పింది క్లుప్తంగానే ఉంది. "ఒకే బుక్కు, ఒకే పేజీ. దాంట్లో సగం మందికే పని చేసిన హక్కుండాదని నేను కోర్టులో ఎట్ల సెప్పేది? వేస్తే అందురికీ వేద్దాము. లేకుంటే నాకొద్దు."

మళ్లీ కమిటీ కూర్చుంది. ఈసారి కమిటీయే కాదు, అందరూ కూర్చున్నారు. రెండు గంటలు మాట్లాడుకున్నారు. కుప్పం వాళ్లను కలుపుకుంటే ఉన్నది కూడా పోతుందని కొందరు, ఇప్పటికే పోయిందని కొందరు. మునీశ్వరి ఒక్కసారే మాట్లాడింది. "మొన్న నేనూ సెయ్యెత్తినా. ఎత్తినప్పటినుంచి నాకు అన్నం లోపలికి పోలేదు. అంతకుమించి నాకు సెప్పేదేం లేదు" అంది. చేతులెత్తమన్నప్పుడు ఇరవై ఏడు లేచాయి. పదకొండు మంది లేచి వెళ్లిపోయారు. ఏజెన్సీకి దరఖాస్తు పెట్టుకుంటామన్నారు. వాళ్లలో మొన్న ఆమెను మోచేత్తో పొడిచిన మనిషి కూడా ఉంది. ఆమెకు ముగ్గురు చిన్నపిల్లలు. మునీశ్వరి ఆమెను ఆపలేదు.

సిద్దప్ప కార్యదర్శి పదవికి రాజీనామా కాగితం అక్కడికక్కడే రాసిచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా లైబ్రరీ వైపు నడిచిపోయాడు.

మే ఇరవై నాలుగున నలభై ఎనిమిది పేర్లతో హైకోర్టులో కేసు వేశారు. రెండు రోజులకే రిజిస్ట్రారు ఆఫీసు నుంచి, గతంలో జరిగిన మాటలకు విలువ లేదని ఒక లైను వచ్చింది. అది చదివి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

జూన్ ఒకటో తేదీ పొద్దున గేటు మూసి ఉంది. కొత్త యూనిఫాంలు వేసుకున్న ఏజెన్సీ సెక్యూరిటీ వాళ్లు గుర్తింపు కార్డులు చూసి పర్మనెంటు వాళ్లను మాత్రం లోపలికి పంపారు. బయట మళ్లీ శామియానా లేచింది. కుప్పం నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. రమణమ్మ రాలేదు. పాపన్న అందరికంటే ముందు దండ వేసుకుని కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకు సిద్దప్ప వచ్చాడు. కార్డు చూపించి, టెంటు వైపు తిరగకుండా లోపలికి పోయాడు. కొందరు ఏదో అనబోయారు. మునీశ్వరి వద్దంది. గంట గడిచాక ఆయన బయటికి వచ్చాడు. నేరుగా టెంటులోకి వచ్చి పాపన్న పక్కన కూర్చున్నాడు.

"నెల దినాలు సెలవు పెట్టొచ్చినా" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. పాపన్న తన మెడలో దండ తీయబోతే వద్దన్నాడు.

ఆ వేసవి చివర, వానాకాలమంతా వాళ్లు ఎట్లా గడిపారో చెప్పడం కష్టం. కొందరు కూలికి పోయారు, కొందరు బెంగళూరు పోయారు. ఒకాయన పుంగనూరు సంతలో మిరపకాయలు అమ్మాడు. మునీశ్వరి పొద్దున మునెయ్యతో పాలకేంద్రంలో క్యాన్లు కడిగి, పదికి టెంటు దగ్గరికి వచ్చేది. ప్రతి సోమవారం వెంకటేశులు ఆఫీసుకు పోయి, కేసు బెంచి మీదికి వచ్చిందా అని అడిగేది. వాయిదా, మళ్లీ వాయిదా. ఆమె ఎక్కడా కుదురుగా ఉండలేకపోయింది. మాట్లాడుతూ ఉంటే చేతులు తడిగుడ్డలు పిండుతున్నట్టు ఊరికే కదిలేవి. దీపను డిగ్రీలో చేర్చలేకపోయింది. ఆ పిల్ల ఆ ఏడాది టైపు నేర్చుకుంటానని తనే చెప్పింది, అమ్మ మొహం వైపు చూడకుండా.

సెలవు అయిపోగానే సిద్దప్పను కుప్పం కేంద్రానికి బదిలీ చేశారు. ఎందుకో అందరికీ అర్థమైంది. కేసు నడుస్తోంది కాబట్టి కేంద్రాన్ని మూయలేదు, కానీ అక్కడ పని చేసేవాళ్లు లేరు. నలభై ఏడేళ్ల మనిషి రోజూ బస్సులో మూడున్నర గంటలు పోయి, ఖాళీ గోడౌనులో ఒక బల్ల ముందు కూర్చుని వచ్చేవాడు. ఒకరోజు బస్టాండులో మునీశ్వరికి కనబడ్డాడు. "ఆడ పాపన్న స్టూలు అట్లనే ఉండాది. నేను దాన్ని ముట్టుకోలేదు" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి బస్సు కదలడంతో ఎక్కేశాడు.

సెప్టెంబరు చివర్లో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తుది తీర్పు దాకా నలభై ఎనిమిది మందినీ పనిలో కొనసాగించాలి. రిజిస్టర్లను చూశాక వీళ్లు అప్పుడప్పుడు వచ్చిపోయినవాళ్లని అనలేమని జడ్జి రాశాడు. విశ్వవిద్యాలయం ఇంకో నెలన్నర లాగింది. కోర్టు ధిక్కారం కింద నోటీసు పోయాక, నవంబరు పద్దెనిమిది నుంచి పనికి రావచ్చని కాగితం ఇచ్చారు. దినకూలీగానే. తుది తీర్పు రావడానికి ఇంకా అయిదేళ్లు పట్టింది. అప్పటికి పాపన్న రిటైరయ్యే వయసు దాటిపోయాడు, ఇద్దరు చనిపోయారు. ఏజెన్సీలో చేరిన పదకొండు మందిని ఆ ఏజెన్సీ రెండో ఏడాదే తీసేసింది. కానీ అదంతా తర్వాతి సంగతి.

నవంబరు పదహారున మునీశ్వరి కుప్పం పోయింది. తక్కిన పందొమ్మిది మందికి పాపన్న కబురు చేశాడు. రమణమ్మకు మాత్రం తనే చెబుతానంది. రమణమ్మ జులై నుంచి రోజూ తెల్లవారి రైలుకు బెంగళూరు పోయి గార్మెంట్సులో గుండీలు కుట్టి సాయంత్రం రైలుకు వస్తోంది.

రైలు ఆరుంపావుకు వచ్చింది. టిఫిన్ డబ్బాల సంచులతో ఆడవాళ్లు గుంపుగా దిగారు. రమణమ్మ ఆమెను చూసి ఆగింది. గుంపు వాళ్లిద్దరినీ దాటి పోయింది.

"స్టే వచ్చింది అక్కా. ఎల్లుండి నుంచి పనికి రమ్మన్నారు" అంది మునీశ్వరి. కాగితం చాపింది.

రమణమ్మ కాగితం తీసుకుని దీపం కిందికి పోయి చదివింది. తన పేరు దగ్గర వేలు పెట్టి కాసేపు ఉంచింది. మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

"ఆ పొద్దు సెయ్యెత్తినప్పుడు నా మొకం గుర్తుకొచ్చిందా నీకి?"

"వచ్చింది."

"వచ్చినా ఎత్తినావు."

"ఎత్తినా అక్కా."

రమణమ్మ తల ఊపింది. కోపంగా కాదు, ఇన్నాళ్లూ అనుకున్నది నిజమేనని తేల్చుకున్నట్టు. "పాపన్న అంటాడు, సెప్పింది కదా, అది సాలదా అని. ఆయనకి సాలింటాది. నాకింకా సాలలేదు."

"సరే అక్కా."

"ఎల్లుండి ఎన్ని గంటలకి?"

"పదికి."

"వస్తా. పనికొస్తా." సంచి ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుంది. "నీతో మాట్లాడేది ఎప్పుడో నాకు తెలీదు. అంతవరకు నువ్వు నన్ను పలకరియ్యొద్దు."

ఆమె మెట్ల మీదుగా అవతలికి పోయింది. మునీశ్వరి అక్కడే నిలబడి, రమణమ్మ చీరె రంగు గుంపులో కలిసిపోయేదాకా చూసింది. ఆమె బాధపడాల్సినంత బాధపడింది గానీ, ఆ రోజు రమణమ్మ అనకుండా పోయిన మాటను ఆరు నెలల తర్వాత పూర్తిగా విన్నట్టు అనిపించింది. పలమనేరు బస్సుకు ఇంకా ముప్పావుగంట ఉంది. బస్టాండులో బెంచీ ఖాళీగానే ఉన్నా కూర్చోకుండా, ఎల్లుండి పొద్దున ల్యాబులో ముందు ఏ ట్రేలు కడగాలో అనుకుంటూ అటూ ఇటూ నడిచింది.